పెరటి గుమ్మం

మెంఫిస్,
18 ఆగస్టు 2024

వదినగారికి,

మీకూ అన్నయ్యగారికీ వందనాలు. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ కాయితం ఏమిటని కంగారు పడతారు. కంగారేమీ లేదు, నేను బాగానే ఉన్నాను. మీ ఫోనుకి స్పీకరు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మీ ఒళ్ళో క్రిస్టినా ఎప్పుడూ ఉంటుంది. తొమ్మిదేళ్ళ పిల్ల ముందు అనలేని మాటలు కొన్ని ఉన్నాయి. పోనీ మీ తమ్ముడికి చెబుదామంటే, ఆయన రాజమండ్రిలో ఆఫీసు ఫైళ్ళు అక్కడే వదిలేసి విమానం ఎక్కేస్తారు. అందుకని మీకే రాస్తున్నాను. చదివి బీరువాలో పెట్టెయ్యండి.

బడి తెరిచి రెండు వారాలైంది. ఆరో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పాలకొల్లులో నేను చెప్పిన లెక్కలే, పిల్లలే కాస్త పొడుగు. బడి గుమ్మం అద్దం తలుపు మీద ఒక బొమ్మ అంటించారు. తుపాకీ, దాని మీద ఎర్ర గీత. మన ఆస్పత్రిలో 'పొగ తాగరాదు' బోర్డు లాంటిదన్నమాట. చూసి మొదట ధైర్యం వచ్చింది. తర్వాత, ఈ బోర్డు పెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందా అని ఆలోచన వచ్చి ఉన్న ధైర్యం కూడా పోయింది.

మొన్న గురువారం మైకులో ఏదో చెప్పారు. పిల్లలందరూ లేచి, చప్పుడు లేకుండా గోడ వారగా నేల మీద కూర్చున్నారు. ఒకమ్మాయి లైటు ఆర్పింది. ఎవరైనా తుపాకీతో బడిలోకి వస్తే ఎలా దాక్కోవాలో నేర్పే కసరత్తట అది. నిజం కాదు, నేర్పడమే. నాకు ముందే చెప్పారు గానీ నేను గది మధ్యలో అలా నిలబడిపోయాను. జాస్మిన్ అనే పిల్ల నా చున్నీ పట్టుకుని లాగి, "మేడమ్, అక్కడ నిలబడితే తలుపు అద్దంలోంచి కనిపిస్తారు" అంది. మన క్రిస్టినా ఈడు కంటే రెండేళ్ళు పెద్దదేమో, అంతే. నేను దాని పక్కన చతికిలబడ్డాను. నన్ను ఓదారుస్తున్నట్టు నా చెయ్యి నిమిరింది.

ఇల్లు బాగుంది. కింద వాటా నాది, పైన ఇంటావిడ ఉంటారు. "నీది అదృష్టం, ఇది చాలా మంచి వీధి" అంటారావిడ. కాఫీ కప్పు కింద పెట్టకుండానే, "చీకటి పడ్డాక కిటికీ దగ్గర మాత్రం నిలబడకు" అంటారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట్లోంచి ఎలా వస్తాయో నాకు అర్థం కావడం లేదు. రాత్రుళ్ళు ఎక్కడో టపటపమని వినిపిస్తుంది. టపాకాయలేమో అంటారు కొందరు. కాదేమో అంటారు ఇంకొందరు. ఎవరూ లేచి చూడరు.

డిసెంబరులో మీ తమ్ముడికీ పిల్లకీ వీసా కాయితాలు పెట్టాలి. ఇక్కడ నాకు మూడేళ్ళ ఉద్యోగం, రెండో ఏడు నుంచి వాళ్ళిద్దరూ నా దగ్గర ఉండాలన్నది కదా మనం అనుకున్నది. ఇప్పుడు నాకు తోచడం లేదు వదినా. పిల్ల లేకుండా ఉండలేకపోతున్నాను. పిల్లని ఆ గోడ వారగా ఊహించుకోలేకపోతున్నాను. ఏం చెయ్యమంటారు?

మీ మరదలు,
సారిక

పాలకొల్లు,
7 సెప్టెంబరు 2024

అమ్మాయ్ సారికా,

నీ ఉత్తరం ఇచ్చి పోస్ట్‌మాన్ బుల్లియ్య కదలకుండా నిలబడ్డాడు. పాపం, మనిషి రాసిన ఉత్తరం మోసి ఎన్నేళ్ళయిందో. "అమెరికా నుంచాండీ? అంతా క్షేమమేనాండీ?" అన్నాడు. "వంటల సంగతులులే" అని తలుపేసుకున్నాను. ఈ ఒక్క అబద్ధానికీ దేవుడు కళ్ళు మూసుకోవాలి.

రెండుసార్లు చదివాను. అర్థమైంది కొంత, కానిది చాలా. మీ అన్నయ్యగారికి వివరాలు చెప్పకుండా, అసలు తుపాకీ అంటే ఎలా ఉంటుందండీ అని అడిగాను. ఆయన చూసిందల్లా బ్యాంకు కాపలా త్రిమూర్తులు భుజాన వేలాడేదే. అది పేలుతుందో లేదో త్రిమూర్తులుకే తెలీదట. మధ్యాహ్నం దానికే చేరబడి కునుకు తీస్తాడు.

నాకొకటి చెప్పు. ఎవరు కాలుస్తారు? ఎవర్ని? గట్టు తగాదాలా, ఎలక్షన్ పగలా, పెళ్ళి సంబంధాల గొడవలా? నువ్వు వెళ్ళి రెండు నెలలైనా కాలేదు, నీకు అక్కడ పగవాళ్ళు ఎవరుంటారు? నా బుర్రకి తోచిందొకటే. నువ్వెవరో ఆ వీధికి తెలియదు. తెలియని మనిషి అంటేనే భయం. వాళ్ళకి నువ్వంటే భయం, నీకు వాళ్ళంటే భయం. నువ్వెవరో తెలిస్తే చెయ్యెత్తే వాడెవడు?

కొత్త కాపురానికి జంగారెడ్డిగూడెం నుంచి నేను ఈ వీధికి వచ్చినప్పుడు మనదొక్కటే క్రైస్తవుల ఇల్లు. అందరూ మర్యాదగా తల ఊపేవాళ్ళు, అంతే. క్రిస్మస్‌కి అరిసెలు వండి ఇంటింటికీ పట్టుకెళ్ళాను. ఎదురింటి వెంకటదుర్గ తలుపు తియ్యలేదు. నేనూరుకుంటానా, సందులోంచి పెరట్లోకి వెళ్ళాను. తలంటుకుంటూ కుంకుడు పులుసు కళ్ళల్లో పడి, చెంబు కోసం తడుముకుంటోంది. నేను చెంబు అందుకుని నీళ్ళు పోశాను. పోసిందెవరో కళ్ళు తెరిచాక గానీ తెలియలేదు దానికి. ఆ రోజు నుంచి వాళ్ళింటి తాళం చెవి మన మేకుకి వేలాడుతోంది. నీ కూతురు నడక నేర్చింది వాళ్ళ పెరట్లోనే కదా.

కాబట్టి నేను చెప్పినట్టు చెయ్యి. సున్నుండలు చుట్టు. నెయ్యి విషయంలో పీనాసితనం వద్దు. దీపాలు పెట్టే వేళకి అందరూ ఇళ్ళల్లో ఉంటారు, అప్పుడు బయల్దేరు. అటు రెండిళ్ళు, ఇటు రెండిళ్ళు, ఎదురిల్లు. ఫలానా ఊరిదాన్ని, ఫలానా బడిలో టీచర్నని చెప్పు. వీధి తలుపు తియ్యకపోతే మొహమాటపడి వెనక్కొచ్చెయ్యకు, పెరటి వైపు వెళ్ళి పిలువు. వీధి తలుపు కొట్టేది కరెంటు బిల్లు అబ్బాయీ, చందాలవాళ్ళూ. అయినవాళ్ళు పెరటి గుమ్మంలోంచి వస్తారు.

ఇదంతా అయ్యాక పిల్ల సంగతి చూద్దాం. ఇక్కడ దాని జడలు వెయ్యడానికి నాకు అరగంట పడుతోంది, తల ఒక్కచోట పెట్టదు. జ్వరమేమీ లేదు, అన్నం బాగా తింటోంది.

ప్రభువు నిన్ను రెక్కల కింద దాచుగాక.

నీ వదిన,
జ్ఞానమ్మ

మెంఫిస్,
29 సెప్టెంబరు 2024

వదినా,

ఈ ఉత్తరం మీరొక్కరే చదవాలి. మీ తమ్ముడికి చెప్పొద్దు, అన్నయ్యగారికి కూడా వద్దు. క్రిస్టినాకి అసలే తెలియకూడదు.

మీరు చెప్పినట్టే చేశాను. పోయిన ఆదివారం సున్నుండలు చుట్టి, మీరిచ్చిన స్టీలు డబ్బాలో సర్ది, దీపాలు పెట్టే వేళకి బయల్దేరాను. మొదటి ఇంట్లో మనిషి కనిపించలేదు, గుమ్మం పక్కన గంట నొక్కితే దాని లోంచే గొంతు వచ్చింది. ఎవరు, ఏం కావాలి అంది. "మీ పొరుగింటిదాన్ని, స్వీట్లు తెచ్చాను" అన్నాను. "మాకేమీ వద్దు, థాంక్యూ" అంది. గోడకి నమస్కారం పెట్టి వచ్చేశాను. రెండో ఇంటావిడ రెండు తీసుకుని నవ్వి తలుపేసుకుంది. అక్కడికే నేను పొంగిపోయాను.

ఎదురింట్లో లైటు వెలుగుతోంది, టీవీ వినిపిస్తోంది. గంట కొట్టినా ఎవరూ రాలేదు. మీ వెంకటదుర్గగారు గుర్తొచ్చారు. పక్క సందులోంచి వెనక్కి వెళ్ళి, "ఏమండీ" అని పిలిచాను. అలవాటు కొద్దీ తెలుగులోనే పిలిచాను. మళ్ళీ ఇంకొంచెం గట్టిగా పిలిచాను.

తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు పెద్దాయన, బనీనుతో ఉన్నారు. చేతిలో తుపాకీ, అది నా వైపే ఉంది.

చేతులెత్తమని ఆయన అరిచారో లేదో నాకు తెలియదు. నేను ఎత్తాను. డబ్బాతో సహా ఎత్తాను. "సున్నుండలు, సున్నుండలు" అన్నాను. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాలేదు వదినా, రోజంతా ఇంగ్లీషులో పాఠం చెప్పే మనిషిని. క్రిస్టినా మొహం కనిపించింది. దాని జడలే కనిపించాయి.

ఆయన తుపాకీ దించారు. దించి, మెట్టు మీద కూలబడ్డారు. "నిన్ను కాల్చేసేవాణ్ణి, కాల్చేసేవాణ్ణి" అని అదే మాట అంటున్నారు. నేను డబ్బా మెట్టు మీద పెట్టి ఇంటికి వచ్చేశాను. ఎలా వచ్చానో తెలియదు.

మర్నాడు బడికి వెళ్ళి భిన్నాలు చెప్పాను. ఒక్క లెక్కా తప్పు చెయ్యలేదు. అదేమిటో నాకే వింతగా ఉంది.

ఇందులో మీ తప్పేమీ లేదు. మన దగ్గర అది మంచి పద్ధతే. ఎవరు కాలుస్తారు అని అడిగారు. నాకు తెలిసిన జవాబు ఇదీ: భయపడిన మంచివాడు కూడా కాలుస్తాడు. దీనికి ఏం జాగ్రత్త పడాలో నాకు తోచడం లేదు.

ఎవరికీ చెప్పకండి.

సారిక

పాలకొల్లు,
15 అక్టోబరు 2024

సారికా,

ఫోన్లో నీ గొంతు విని పెట్టేశాను. పిల్ల పక్కనే ఉంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. నిన్ను ఆ పెరట్లోకి పంపింది నేనే. ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పలేదు. కానీ మోయలేకపోయాను. ఆదివారం గుడిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు, పేరు లేకుండా, "దూరదేశంలో ఒక సహోదరి తుపాకీ ఎదుట నిలబడి బతికి బయటపడింది, ఆమె కోసం ప్రార్థించండి" అని చీటీ ఇచ్చాను. అంతే ఇచ్చాను, ఆ దేవుడే సాక్షి.

మన సంఘంలో దూరదేశంలో ఉన్న సహోదరివి నువ్వొక్కదానివేనన్న సంగతి చీటీ చదివాక గానీ నాకు తట్టలేదు. నా బుద్ధి అలా ఉంది ఆ రోజు. సంఘపెద్ద ఎజ్రాగారు ప్రార్థన అందుకున్నారు. ఆయనకి అందుకుంటే ఆగడం ఉండదు కదా. 'తుపాకీ ఎదుట' అన్నది 'తుపాకీ గుండు' అయింది, ఆమెన్ దగ్గరికి వచ్చేసరికి 'మంచాన ఉన్న మా బిడ్డ' అయింది. వెనక వరసల్లో ఆడవాళ్ళు ఏడుపు. నేను లేచి, కాదండీ కాదండీ అంటున్నాను, పాట ఎత్తుకున్నారు.

మేము ఇంటికి చేరేసరికి గుమ్మం నిండా చెప్పులు. ఎవరో టెంట్ హౌస్ నుంచి కుర్చీలు కూడా తెప్పించారు. వెంకటదుర్గ ఏడుస్తూ క్యారేజీతో అన్నం పట్టుకొచ్చింది, క్షీరా రామలింగేశ్వరుడికి మొక్కుకుందట నీకోసం. నీకు దెబ్బ తగల్లేదని నేను ఎంత చెప్పినా, "ధైర్యంగా ఉందండీ ఆవిడ" అనుకుంటున్నారు నా గురించి. రాజమండ్రిలో తమ్ముడికి ఎవరో ఫోన్ చేశారు. వాడు నీకు చేస్తే, అక్కడ తెల్లవారుజామాయె, నీ ఫోను ఎత్తలేదు. ఆ తర్వాత వాడు పడిన పాట్లు నీకు వాడే చెప్పి ఉంటాడు.

అసలు సంగతి ఇది. క్రిస్టినా ఆ జనం మధ్యలో నిలబడి మొత్తం విన్నది. ఏడవలేదు. మీ అమ్మకి ఏమీ కాలేదే అంటే, "అయితే ఏం జరిగింది?" అంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇంక దాచి ఏం లాభం? పెరట్లోకి వెళ్ళిందనీ, ఆయన భయపడ్డాడనీ, డబ్బా ఎత్తిందనీ చెప్పాను.

ఆ రోజు నుంచి అది వెంకటదుర్గ పెరట్లోకి వెళ్ళడం మానేసింది. వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. పిల్లకి భయం పట్టుకుందని తమ్ముడికి చెప్పాను. వాడు వీసా కాయితాలు కట్టి అటక మీద పెట్టేశాడు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

జ్ఞానమ్మ

మెంఫిస్,
17 అక్టోబరు 2024

వదినగారికి,

ఒక్క మాట అడిగాను మిమ్మల్ని. ఎవరికీ చెప్పొద్దని. ఊరంతా నాకు దినం చేసినంత పని చేశారు.

మీ తమ్ముడు ఫోన్లో ఏడ్చారు. పెళ్ళయి పన్నెండేళ్ళలో ఆయన ఏడవగా వినలేదు. "పిల్ల రాదు, నువ్వే వచ్చెయ్" అంటున్నారు. "పిల్లకి రావడం ఇష్టం లేదు, అక్క చెప్పింది" అంటున్నారు. పిల్లకి ఇష్టం లేదని పిల్ల చెప్పిందా, మీరు చెప్పారా?

రాయకూడదు గానీ రాసేస్తున్నాను. పిల్ల మీ దగ్గరే ఉండిపోవాలని మీకు మనసులో ఉంది. నాకు తెలుసు. దాని జడల గురించి రాసినప్పుడే నాకు తెలుసు. అందుకే నా భయాన్ని తీసుకెళ్ళి గుడిలో పంచిపెట్టారు.

నేనిక్కడ ఎవరితోనూ మాట్లాడలేని మనిషినై ఉన్నాను. చిత్రమేమిటంటే మాట్లాడింది ఆయనే, ఎదురింటి పెద్దాయన. పేరు విలియమ్స్. ఆమధ్య ఒక శనివారం రోడ్డు మీదే నిలబడి, మీ స్టీలు డబ్బా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని నన్ను పిలిచారు. నా గుమ్మం ఎక్కలేదు. నా గుమ్మమంటే ఆయనకి భయమేమో. డబ్బా కడిగి తెచ్చారు. వాళ్ళావిడ పోయాక ఒకసారి వెనక తలుపు పగలగొట్టి ఎవరో లోపలికి వచ్చి ఆయన్ని కొట్టారట. "ఎప్పుడూ ఎవరి ఇంటి వెనక్కీ వెళ్ళకమ్మా" అన్నారు. మా ఊళ్ళో దగ్గరివాళ్ళు వెనక నుంచే వస్తారండీ అన్నాను. ఆ మాట ఆయన మళ్ళీ నా చేత చెప్పించుకున్నారు.

ఇప్పుడు మంగళవారం మంగళవారం నా చెత్తడబ్బా రోడ్డు మీద నుంచి ఆయనే లోపలికి లాగి పెడుతున్నారు. ఆ తుపాకీ ఆ ఇంట్లోనే ఉంది. ఈ రెండు చేతులూ ఒక మనిషివే. మంచివాడనుకోవాలో వద్దో నాకు తెలియదు. మీరైనా మంచివారనుకున్నాను.

సారిక

పాలకొల్లు,
10 నవంబరు 2024

సారికా,

నా ఉత్తరమూ నీదీ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నట్టున్నాయి. నా ఉత్తరం చదివాక నీ కోపం తగ్గిందో పెరిగిందో నాకు తెలీదు. ఫోన్లో ఇద్దరం పిల్ల ముందు వంకాయ కూర గురించి మాట్లాడుకుంటున్నాం. నీ గొంతులో ఏమీ తెలియడం లేదు.

నువ్వు అడిగినదానికి సూటిగా చెబుతాను. అవును. పిల్ల నా దగ్గరే ఉండిపోతే బాగుండునని ఉంది. అది బడికి వెళ్ళాక ఈ ఇంట్లో గడియారం చప్పుడు వినపడుతుంది. ఆ మాట నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. అయితే చీటీ రాసింది అందుకు కాదు. నిన్ను చావు ముందుకి పంపానన్న భయంతో రాశాను. రెండూ నిజమే. మీ పెద్దాయనకి రెండు చేతులున్నట్టే నాకూ ఉన్నాయనుకో.

అయితే నేనొక తప్పు చేశాను, అది నువ్వనుకుంటున్నది కాదు. విను.

మొన్న వెంకటదుర్గ గాభరాగా నన్ను పిలిచింది. "వదినగారూ, మీ పిల్ల ఏం చేస్తందో చూద్దురు రండి" అంది. వెళ్ళి చూస్తే, వాళ్ళ గేటు బయట క్రిస్టినా నిలబడి ఉంది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. అది రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విడదీసి చూపిస్తూ, "నేను క్రిస్టినానండీ, ఎదురింటి పిల్లనండీ, నా చేతుల్లో ఏమీ లేదండీ, లోపలికి రావచ్చాండీ" అంటోంది. రోజూ ఇదే వరసట. మొదట్లో ఆటనుకుని వెంకటదుర్గ కూడా చేతులెత్తేదట. "ఏంటే తల్లీ, ఈ ఇంట్లో నీకు చేతులెత్తడమేంటే" అని ఇప్పుడు ఏడుపందుకుంది.

ఇంటికి తీసుకొచ్చి అడిగాను. అమ్మ దగ్గరికి వెళ్ళాలంటే భయమా నీకు అని. అది నన్ను ఎగాదిగా చూసింది. "భయమెందుకు అత్తయ్యా? వెళ్ళాకే నేర్చుకుంటే లేటైపోద్ది కదా. అమ్మకి ఎవరూ ముందే నేర్పలేదు" అంది.

ఇన్నాళ్ళూ అది భయపడుతోందని నేను తమ్ముడికి చెబుతూ వచ్చాను. అది భయపడడం లేదు సారికా, తయారవుతోంది. రాత్రుళ్ళు లైటు ఆర్పి గోడ వారగా కూర్చుంటుంటే చీకట్లో ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను. అక్కడి బడుల్లో అలా చేస్తారటగా, వాళ్ళ క్లాసు సుభద్ర టీచర్ని అడిగి ఫోన్లో చూసిందట.

వీసా కాయితాలు అటక మీద నుంచి దింపించాను. తమ్ముడు ఒప్పుకున్నాడు. డిసెంబరులోపు నువ్వు ఊఁ అంటే చాలు. నేను అడ్డు కాదు. పంపించు అంటే పంపిస్తాను, జడలు వేసి మరీ పంపిస్తాను. ఏది మంచిదో మాత్రం నన్నడగకు. ఒకసారి సలహా ఇచ్చాను, చాలు.

నీ వదిన,
జ్ఞానమ్మ

మెంఫిస్,
1 డిసెంబరు 2024

వదినా,

మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. అక్టోబరులో నేను రాసింది పొయ్యిలో పడెయ్యండి. మీకు పిల్లంటే ప్రాణమని కోపగించుకున్న దాన్ని నేనొక్కదాన్నేనేమో లోకంలో.

మీ ఉత్తరం వచ్చిన వారమే ఇక్కడ థాంక్స్‌గివింగ్ పండగ. బడికి సెలవు. ఇంటావిడ కూతురి దగ్గరికి వెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే, సాయంత్రం వంటింట్లో చారు పెట్టుకుంటున్నాను. వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తర్వాత పెరటి తలుపు ఎవరో తట్టారు.

నేను స్టవ్ కట్టేశాను. లైటు ఆర్పేశాను. జాస్మిన్ నేర్పినట్టు, తలుపు అద్దంలోంచి కనిపించకుండా గోడ వారగా నేల మీద కూర్చున్నాను. చేతిలోకి కూరగాయల చాకు ఎప్పుడు వచ్చిందో తెలియదు. మళ్ళీ తట్టారు. మగ గొంతు ఏదో పిలుస్తోంది, నా చెవులకి మాట అందలేదు. అప్పుడు నా చేతిలో ఉన్నది చాకు కాకుండా ఇంకొకటి అయి ఉంటే, వదినా, నేను తలుపు వైపు గురి పెట్టేదాన్ని. ఒట్టేసి చెబుతున్నాను, పెట్టేదాన్ని.

కాసేపటికి అడుగులు వెళ్ళిపోయాయి. తెల్లారాక తలుపు తీశాను. మెట్టు మీద రేకు కాయితం చుట్టిన కేకు ఉంది. కింద చిన్న చీటీ. "మీ ఊళ్ళో దగ్గరివాళ్ళు వెనక నుంచి వస్తారన్నావు కదా. నువ్వు ఇంట్లో లేవనుకుంటాను. పండగ శుభాకాంక్షలు. విలియమ్స్."

ఆ మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను. ఆ రోజు ఆయన కూలబడ్డట్టే.

ఆయన మన పద్ధతి నేర్చుకున్నారు. నేను ఆయన పద్ధతి నేర్చేసుకున్నాను. నాలుగు నెలలు పట్టింది, అంతే. ఎదురింటికి వెళ్ళి, రోడ్డు మీద నిలబడి, చీటీ కింద రాసిన నంబరుకి ముందు ఫోన్ చేసి, కేకు బాగుందని చెప్పాను. ఇంట్లో లేనని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మలేదనుకుంటాను. "పరవాలేదు, నాకు అర్థమవుతుంది" అన్నారు. ఆయనకి అర్థమవడమే నాకు బాధగా ఉంది.

జాస్మిన్ ఒకసారి అడిగింది, "మేడమ్, మీ ఊళ్ళో పిల్లలు ఎక్కడ దాక్కుంటారు?" అని. దాగుడుమూతలాడేటప్పుడు తప్ప మా పిల్లలు దాక్కోరని గర్వంగా చెప్పాను. అది నమ్మలేదు. నవంబరు ఉత్తరం వచ్చాక, అప్పుడు నిజం చెప్పానో లేదో నాకే తెలియడం లేదు. మనం పిల్లని ఈ ఊరు పంపుదామా వద్దా అని కొట్టుకుంటూ ఉండగానే, ఈ ఊరే పాలకొల్లు వచ్చి వెంకటదుర్గగారి గేటు ముందు నిలబడింది.

వీసా కాయితాలు పెట్టొద్దు. బడి మే నెలాఖరుకి మూస్తారు. అంతవరకూ ఉంటానని, రెండో ఏడు ఉండనని ప్రిన్సిపాల్‌గారికి చెప్పేశాను. ఆవిడ ఎందుకని అడగలేదు. ఇది సరైన పనో కాదో నాకు తెలియదు వదినా. ఇక్కడ లక్షలమంది పిల్లలు పెరుగుతున్నారు, నవ్వుతున్నారు, లెక్కలు నేర్చుకుంటున్నారు. నేను వచ్చేస్తే జాస్మిన్ ఆ గోడ వారగా కూర్చోవడం మానదు. అది తలుచుకుంటే దొంగలా పారిపోతున్నట్టుంది. అయినా వచ్చేస్తాను. తలుపు చప్పుడికి చాకు పట్టుకునే మనిషిని నేను కాదు, కాకముందే వచ్చెయ్యాలి.

క్రిస్టినాకి మీరు ఒకటి నేర్పాలి. తిట్టొద్దు, మాన్పించొద్దు, అది నా మీద ప్రేమతో నేర్చుకున్న విద్య. రోజూ సాయంత్రం మీరే దాని చెయ్యి పట్టుకుని వెంకటదుర్గగారి పెరట్లోంచి తీసుకెళ్ళండి. చెయ్యి మీ చేతిలో ఉంటే ఎత్తలేదు కదా.

జూన్‌లో నేను వస్తాను. వీధి తలుపు కొట్టను. సందులోంచి పెరట్లోకి వచ్చి, "ఏమండీ" అని పిలుస్తాను. ఒకవేళ ఆ గుమ్మం ముందు నిలబడగానే నా చేతులు వాటంతట అవే పైకి లేస్తే, మీరేమీ అనుకోకండి. తలుపు మాత్రం పిల్ల చేత తీయించండి.

మీ
సారిక